ఎడమకు చూసే రాజులు

కాశీ, కేదారం తిరిగొచ్చినవాళ్ళు యాత్ర రాస్తే ఒక అందం ఉంటుంది. నేను వెళ్ళింది హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, అత్వెల్లి, దేవరయాంజాల్, శామీర్‌పేట. నాలుగూ కలిపి తిరిగినా మా తెనాలి నుంచి గుంటూరు వెళ్ళొచ్చినంత దూరం కూడా ఉండదు. అయినా చూసినంతవరకు రాస్తాను. ఆ పక్క ప్లాటు కొనడానికి తప్ప మన వాళ్ళెవరూ వెళ్ళరు కాబట్టి కొత్తగానే ఉంటుంది.

నాకు స్టాంపుల పిచ్చి. అందులోనూ రాజుల తలలున్న స్టాంపులంటే మరీను. ఏ దేశం తన రాజును ఎలా చూపించుకుంది, ఏ వైపు తిప్పింది, కిరీటం పెట్టిందా తలపాగా చుట్టిందా అని నలభై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాను. ఈ సంగతి మేడ్చల్‌లో కాపురముంటున్న మా అక్క కూతురు లలిత ఎవరితోనో అన్నదట. ఆ మాట చేరాల్సిన చోటికి చేరింది.

అత్వెల్లిలో మహిపాల్ రెడ్డి అని ఒకాయన ఉన్నాడు. పొలాలున్న కుటుంబం. ఇప్పుడు పొలాలకంటే ప్లాట్ల పని ఎక్కువ, ఈసారి సర్పంచ్‌గా నిలబడాలని కూడా ఉంది. తపాలా వాళ్ళకు కొంత రుసుము కడితే స్టాంపు పక్కనున్న ఖాళీలో మనకు కావలసిన బొమ్మ అచ్చేసి ఇచ్చే ఏర్పాటు ఒకటుంది కదా, దాంతో వాళ్ళ తాత బొమ్మ వేయించాలనుకున్నాడు. పెత్రమాస నాడు ఊరందరినీ భోజనానికి పిలుస్తూ ఆ స్టాంపు అంటించిన కార్డులు పంపుతాడు. మనం మహాలయ అమావాస్య అనేదాన్నే అక్కడ పెత్రమాస అంటారు. చనిపోయిన పెద్దల ఫొటో ముందు వండినవన్నీ పెట్టి, వాళ్ళ పేరున బియ్యం ఇస్తారు. తాత బొమ్మ అచ్చం రాజుగారి స్టాంపులా ఉండాలని మహిపాల్ కోరిక. అందుకని లలిత వాళ్ళ స్టాంపుల పిన్నికి పిలుపొచ్చింది. పిలవని పేరంటం కాదు కనక బయల్దేరాను.

మేడ్చల్

నాగపూర్ పోయే పెద్ద రోడ్డు ఊరి మీదుగానే పోతుంది. లారీలు ఆగవు, మనుషులూ ఆగరు, ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోకుండానే దాటుకుంటారు. చాయ్ పదిహేను రూపాయలు. మా ఊళ్ళో పన్నెండే, గ్లాసు కూడా మాదే కాస్త పెద్దది. రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు. పుట్టినరోజు చేసుకుంటున్న ప్రతి నాయకుడూ సూటిగా మన కళ్ళలోకి చూస్తూ దండం పెడుతున్నాడు. స్టాంపు మీది రాజు మన కళ్ళలోకి చూడడు, పక్కకు చూస్తాడు. ఆయనకు మన ఓటుతో పనిలేదు.

మహిపాల్ తాత బొమ్మ తయారవుతున్నది బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఒక ఫొటో స్టూడియోలో. నడిపేది యాదగిరి, నలభై దాటిన మనిషి. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్ళి ఆల్బమ్‌లు చేస్తాడుగానీ అసలు పేరు వచ్చింది చనిపోయినవాళ్ళ ఫొటోలతోనట. గోడకు తగిలించిన పెద్దవాళ్ళందరూ కళ్ళు బాగా విప్పి చూస్తున్నారు. అంత కళ్ళు విప్పుకుని బతికినవాళ్ళు ఎవరుంటారని అడిగాను. అప్పుడు చెప్పాడు.

"ఫొటో దిగకుంటనే పోయినోళ్ళు మస్తుమంది ఉంటరు మేడం. ఆఖరికి పండవెట్టినంక ఎవలో ఒకలు సెల్లుల దింపుతరు. గా మూసిన కండ్లను నేను తెరిపిస్త. కొడుకు కండ్లో తమ్ముని కండ్లో తెచ్చి పెడ్త."

మహిపాల్ తాతకు ఆ ఫొటో కూడా లేదు. మనవడు పుట్టకముందే పోయాడు. ముక్కు మాత్రం మనవడికి ఆయనదే వచ్చిందని ఇంట్లో అనుకుంటారట. అందుకని యాదగిరి మహిపాల్‌నే పక్కకు తిప్పి ఫొటో తీసి, మీసం నెరిపించి, ఎర్ర తలపాగా చుట్టి, ముత్యాల దండ వేశాడు. చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో చట్రం, పైన చిన్న కిరీటం. పని శుభ్రంగా ఉంది. ముఖం మాత్రం కుడి వైపుకు చూస్తోంది.

నాకు తప్పు కనబడితే నోరు ఊరుకోదు. ఇంగ్లండులో రాణి తలతో మొట్టమొదటి స్టాంపు వేసిన నాటి నుంచీ ఆ దేశపు రాజులు స్టాంపు మీద ఎడమకే చూస్తారు, వాళ్ళు మనల్ని ఏలినప్పుడు మన స్టాంపుల మీదా ఎడమకే చూశారు, నాణేల మీద ఒకరు అటు ఒకరు ఇటు తిరిగినా స్టాంపు దగ్గరికొచ్చేసరికి ఎడమేనని చెప్పాను. యాదగిరి తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. తాతకు చిన్నప్పుడు అమ్మవారు పోసి ఎడమ కన్ను పోయిందట. కుడికి తిప్పితే ఆ కన్ను సంగతే రాదు. అందుకే అటు తిప్పాడు. తెలివైన పనే అనిపించింది. ముఖాన్ని పక్కనుంచి వేస్తే సగమే చూపించాలి, ఏ సగం అన్నది వేసేవాడి చేతిలో ఉంటుంది.

అత్వెల్లి

మహిపాల్ ఇల్లు రోడ్డుకు కాస్త లోపల. హాల్లో నేలంతా గ్రానైటు, గోడకు వెంచర్ల మ్యాపులు. నలభై అయిదేళ్ళుంటాయి, నెమ్మదస్తుడు, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ కంచం వైపు ఒక కన్నేసి ఉంచుతాడు. ఆయన భార్య జొన్నరొట్టెలు, నాటుకోడి కూర, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పులుసును పొయ్యి మీద పెట్టకుండా వడ్డిస్తే ఆ ఇల్లాలు వంట మధ్యలో లేచి వెళ్ళిపోయిందనుకుంటారు. నేను రెండుసార్లు పోయించుకున్నాను.

భోజనమయ్యాక నా ఆల్బమ్ తెరిచాం. ముందు నిజాం స్టాంపు చూపించమన్నాడు. ఆయన మనసులో ఉన్నది అదే, తాత నిజాంలాగా కనబడాలి. చూపించాను. ఒకదాని మీద చార్మినార్, ఒకదాని మీద ఆసుపత్రి, ఇంకోదాని మీద అల్లిన అక్షరాలు. ఎన్ని తిప్పినా నిజాం లేడు. నిజాం రాజ్యం స్టాంపుల మీద ఏ నిజాం ముఖమూ ఎప్పుడూ వేయలేదు. ఎందుకు వేయలేదని అడిగితే ఎవరి మాట వాళ్ళు చెబుతారు. మహిపాల్ చాలాసేపు నమ్మలేదు.

"గంత పెద్ద నవాబు, తన మొకం తాను వెయ్యించుకోలేదా?" అన్నాడు.

తరవాత వేరే సంస్థానాల రాజులను చూశాడు. వాళ్ళలో కొందరు మీసం, ముత్యాలు, తలపాగా అన్నీ పూర్తిగా కనబడేలా మనకేసి తిరిగి కూర్చుంటారు. వీళ్ళు మా ఫ్లెక్సీల లాగే ఉన్నారని ఆ పేజీ తిప్పేశాడు. ఇంగ్లండు రాణి దగ్గర ఆగాడు. ఆమె కొడుకు, మనవడు, మునిమనవడు, అందరూ వరసగా ఎడమకు చూస్తున్నారు. రాజు లెక్క అంటే రాజు లెక్కనే ఉండాలన్నాడు. అక్కడే యాదగిరికి ఫోన్ చేసి బొమ్మను ఎడమకు తిప్పమన్నాడు. నేను వక్కపలుకు నమిలేలోగా ఫోనులో బొమ్మ వచ్చింది. అదే మనిషి, అద్దంలో చూసినట్టు అటుది ఇటైంది. కళకళలాడే ఎడమ కన్నుతో ఎడమకు చూస్తున్నాడు.

లేని కన్ను పెట్టారు కదా అని నేను అనలేదు. ఆయనే అన్నాడు.

"పొద్దుగాల ఒంటికన్నాయన ఎదురొస్తే పని కాదంటరు మేడం. ఇంటింటికి పోయే కార్డు మీద గా కన్ను పెట్టి, రేపు నేను గదే ఇంటికి ఓటుకు పోవాల్నా?"

ఆ నమ్మకం మా వైపూ ఉంది. కానీ చిక్కు అది కాదు. ఆ తాతను కళ్ళారా చూసి ఇంకా బతికున్నది ఒక్కతే, దేవరయాంజాల్‌లో ఉన్న ఆయన కూతురు సత్తెమ్మ, మహిపాల్‌కు మేనత్త. పెత్రమాస నాడు ఊరి ముందు స్టాంపు ఆమె చేతనే విడుదల చేయించాలని ఆయన పట్టు. మనవడి ముఖంతో చేస్తున్నారని విని, బొమ్మలో తన తండ్రి లేకపోతే గడప తొక్కనని ఆమె పట్టు. ఆమె రాకపోతే, కూతురే కాదన్న బొమ్మ అని ఊరు అనుకుంటుంది. స్టాంపుల మీద రాజులను ఇలాగే వేస్తారని చదువుకున్నవారు మీరు చెబితే వింటుంది, ఒక్క మాట చెప్పమని నన్ను అడిగాడు. నాటుకోడి తిన్న నోటితో కాదనలేకపోయాను. ఆమెను చూడాలని కూడా అనిపించింది.

దేవరయాంజాల్

మర్నాడు మహిపాల్ కారులో వెళ్ళాం. దారిలో సీతాఫలాలు గంపల్లో పెట్టి అమ్ముతున్నారు. గంప మూడొందలు చెప్పి రెండొందలకిచ్చింది ఒకావిడ. మా వైపు కాయ లెక్కన కొంటాం, ఇక్కడ గంపెడు కొని ఇంటింటికీ పంచుతారు. సీతారామస్వామి గుడి దగ్గర కారు దిగి దండం పెట్టుకునేలోపు ఒక కోతి నాలుగు కాయలు తీసుకుపోయింది. తినకుండా ఒక్కోటీ నొక్కి చూసి, పండనివి కిందికి విసిరేసింది. బేరం నాకంటే దానికే బాగా తెలుసు.

సత్తెమ్మ వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఎనభై దాటాయి. చిన్న మనిషి, నడుం మాత్రం వంగలేదు. మేము కూర్చున్నాక మహిపాల్ అచ్చు తీయించిన బొమ్మను చేతికిచ్చాడు. ఆమె దాన్ని కొంగుతో తుడిచి, వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది.

"గీయన మైపాలు. మా నాయినేడి?"

మహిపాల్ నవ్వి నా వైపు చూశాడు. ఇక నా వంతు. రాజుల బొమ్మల్లో ఉన్నదున్నట్టు వేయరని మొదలుపెట్టాను. ఇంగ్లండు రాణిది పెళ్ళికాక ముందటి ముఖం ఒకటి స్టాంపు మీద వేశారనీ, ఆమె ముసలిదై, మనవలనెత్తి, కాలం చేసేదాకా ఆ దేశపు స్టాంపుల మీద ఆ పిల్ల ముఖమే నడిచిందనీ చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూనే విన్నది. ఆ రాణి ముసల్దైనాక చూసినవాళ్ళు ఎవరూ లేరా అని అడిగింది. ఎందుకు లేరు, చాలామంది చూశారు అన్నాను. వాళ్ళు ఏమయ్యారని అడిగింది. అందరూ పోయారు, ఇప్పుడు మిగిలింది స్టాంపు మీది ముఖమే అన్నాను. అనేశాక, నేను ఎవరి తరఫున మాట్లాడడానికి వచ్చానో నాకే తెలియకుండా పోయింది.

"గదే బిడ్డా నేను చెప్పేది. నేనున్నన్ని దినాలు మా నాయిన ఎట్లుండెనో నాకెరుక. నేను పోతే గీ కాయితమే ఆయన."

మహిపాల్ శకునం సంగతి ఎత్తాడు. నెమ్మదిగానే చెప్పాడు. ఊళ్ళో ఇప్పటికీ తాతను కన్ను పేరుతోనే తలుస్తారనీ, చిన్నప్పుడు బడిలో ఆ పేరు చెప్పి తనను ఏడిపించారనీ అన్నాడు. అప్పుడు అర్థమైంది, ఆయన దాచాలనుకున్నది ఓట్ల కోసం ఒక్కటే కాదు.

ఆమెకు కోపం రాలేదు. చేట పక్కన పెట్టింది. పొద్దున్నే తండ్రి బయటికొస్తే మనుషులు పక్కకు తప్పుకునేవాళ్ళట. అది ఆయనకూ తెలుసట. అందుకని అందరూ పొలాలకు వెళ్ళాక బయల్దేరేవాడట, కూతుర్ని వెంటబెట్టుకుని.

"ఎడమ దిక్కు ఆయనకు కనవడకపోతుండె. గా దిక్కు నేను నడుస్తుంటి. రాయుంటె రాయి, ఎద్దొస్తే ఎద్దు, చెప్తుంటి. తల ఎత్తి సూస్తే నాకు కనవడేది గా కన్నే. కుడి కన్ను నేను సక్కగ సూడనే లేదు." ఆగి, బొమ్మను మహిపాల్ ఒళ్ళో పెట్టింది. "రాజులు ఎడమకు సూస్తరంటివి, మంచిదేనాయె. ఎడమకే తిప్పున్రి. గని గా కన్ను గట్లనే ఉండాలె."

 తరవాత ఆమే మహిపాల్‌ను దగ్గరికి రమ్మని ముందు పీట మీద కూర్చోబెట్టింది. గడ్డం పట్టుకుని ముఖాన్ని తిప్పింది. బొటనవేలితో ఎడమ రెప్పను కిందికి జరిపి, మొత్తం మూయకుండా, కింద సన్నని తెల్లటి గీత కనబడేలా ఆపింది. అట్లనే పెట్టు అంది. సర్పంచ్‌గా నిలబడబోయే మనిషి కదలకుండా కూర్చున్నాడు. యాదగిరిని వీడియోలో పిలిచి, ఫోను నేను పట్టుకున్నాను. ఆమె ఒకటికి నాలుగుసార్లు రెప్పను సరిచేసింది. నుదుటి మీద మచ్చలు ఎక్కడెక్కడ ఉండేవో వేలితో చూపించింది. కిరీటం తీసేయమంది, నాయిన తలకు రుమాలే చుట్టేవాడు అంది.

యాదగిరి అన్నీ విన్నాడు. చివర్లో మాత్రం, "ఇన్నేండ్లల్ల కండ్లు తెరిపియ్యమన్నోళ్ళే గని, ముయ్యమన్నోళ్ళు నువ్వే మొదలు అవ్వా," అన్నాడు.

మహిపాల్ ఒప్పుకున్నట్టు చెప్పలేదు. కొత్తది కూడా తయారు చేసి పెట్టు, ఏది పంపాలో ఆలోచించి చెబుతానని యాదగిరితో అన్నాడు. అత్త ఆ మాట విని మళ్ళీ చేట అందుకుంది.

శామీర్‌పేట

అక్కడితో తిరిగి వెళ్ళిపోవలసింది. కానీ కారు ఉండగానే కట్ట మైసమ్మకు మొక్కి వస్తానని సత్తెమ్మ అంది. శామీర్‌పేట చెరువు కట్టకు వెళ్ళాం. వానలు బాగా పడ్డట్టున్నాయి, చెరువు నిండుగా ఉంది. కాల్చిన మక్క కంకి ముప్పై రూపాయలు. నిమ్మచెక్కతో కారం రుద్ది ఇస్తారు. నాకిచ్చిన దానికి కారం ఎక్కువై కాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను, మహిపాల్‌కు అది నయంగా ఉన్నట్టుంది. జింకల పార్కుకూ వెళ్ళాం. జింకలు తప్ప అన్నీ కనబడ్డాయి.

హైదరాబాదు నుంచి షికారుకొచ్చిన జనం కట్ట మీద సెల్ఫీలు దిగుతున్నారు. అందరూ సూటిగానే చూస్తున్నారు. సత్తెమ్మ మొక్కి వచ్చాక కట్ట వెంబడి నడిచాం. ఆమె మహిపాల్‌కు కుడి పక్కన బయల్దేరింది. నాలుగడుగులు వేసిందో లేదో, ఆయన వెనకగా చుట్టి వచ్చి ఎడమ పక్కకు మారింది. మోచెయ్యి పట్టుకుంది. ఎందుకు మారిందో ఆమె ఆలోచించినట్టు లేదు. వాననీళ్ళు నిలిచిన చోటు వచ్చింది.

"మైపాలూ, గుంత."

"నాకు కనవడ్తుందత్తా."

"కనవడనియ్యి," అని ఆమె చెయ్యి వదలకుండా పక్కకు జరిపింది.

ఇంకొంచెం ముందుకెళ్ళాక రాయి అంది. ఆయన రాయి తప్పించుకున్నాడు. తరవాత ఆమె ఏం చెప్పినా ఆయన అలాగే తప్పుకుంటూ నడిచాడు, కనబడుతోందని మళ్ళీ అనలేదు. వెనక నడుస్తున్న నేనూ ఆమె చెప్పినచోటల్లా పక్కకు తప్పుకున్నాను. 

నన్ను లలిత ఇంటి దగ్గర దింపేటప్పుడు కూడా ఏ బొమ్మ పంపుతాడో మహిపాల్ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇంటికి తీసుకుపొమ్మని కాసిని సీతాఫలాలు ఇచ్చాడు. రైల్లోనే అన్నీ ఒకేసారి పండిపోయి, పెట్టెలో వాళ్ళందరికీ పంచవలసి వచ్చింది.

మళ్ళీ తెనాలి

కార్డు పెత్రమాస వెళ్ళిపోయాక వచ్చింది. భోజనం ఎలాగూ పోయింది. అప్పటికే లలిత ఫోన్ చేసి, సత్తెమ్మ వచ్చిందని, నలుగురి ముందు స్టాంపు చేత్తో పట్టుకుని చూపించి, తండ్రి బొమ్మ ముందు విస్తరి పెట్టి, తరవాత తానూ కడుపునిండా తిన్నదని చెప్పింది. ఏ బొమ్మ అని నేను లలితను అడగలేదు. సత్తెమ్మ వచ్చిందంటేనే తెలిసిపోయింది.

అయినా కవరు చేతికొచ్చినప్పుడు ముందు చూసింది స్టాంపునే. తలకు రుమాలు, నుదుటి మీద మచ్చలు, మనవడి ముక్కు. ఎడమకు చూస్తున్నాడు. రెప్ప వాలి ఉంది, కింద సన్నని తెల్లటి గీత. తపాలా ముద్ర రుమాలు మీద కాస్త పడింది, ముఖం మీదికి రాలేదు. ఒక దీవి రాజుగారి ముఖం మీద నల్ల సిరా పడకూడదని చట్రంలాంటి ప్రత్యేక ముద్ర చేయించారని ఎప్పుడో చదివాను. ఇక్కడ ఎవరు చెప్పి కొట్టించారో, దానంతటదే అలా పడిందో తెలియదు.

ఆల్బమ్‌లో మహిపాల్ ఆగిన పేజీలో, చివరి వరసలో, ఇంగ్లండు రాణి మునిమనవడి పక్కన ఆయనను పెట్టాను. వెనక్కి జరిగి చూస్తే అందరూ ఎడమకే చూస్తున్నారు. ఒక ముఖం ఎడమకు తిరిగి మనకు కనబడుతోందంటే, మనం ఆ మనిషికి ఎడమ పక్కన నిలబడి ఉన్నామన్నమాట. నలభై ఏళ్ళుగా ఇంతమంది రాజులకు నేను ఆ పక్కనే నిలబడి చూస్తున్నాను, అది నాకు తోచనే లేదు. వాళ్ళెవరికీ నాతో అవసరం పడలేదు. ఈయనకు మాత్రం ఆ పక్కన ఒకరు ఉండాలి. ఇప్పటికి సత్తెమ్మ ఉంది. ఆ తరవాత, ఈ స్టాంపు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు.